5 నిమిషాల ఎపాక్సీతో చిన్న మరమ్మతులు ఎలా చేయాలి

పిడి ఊడిపోయిన పింగాణీ కప్పు ఒకటి చాలా ఏళ్లుగా నా బల్ల మీద ఉంది. అందులో కలాలు పెట్టుకుంటాను. దాని పిడిని మూడుసార్లు అతికించాను. మొదటిసారి జిగురు పెట్టిన అరగంటకే పిడి పట్టుకుని ఎత్తాను, పిడి ఒక్కటే చేతికి వచ్చింది. రెండోసారి రోజంతా ఆగాను కానీ విరిగిన చోట మిగిలిపోయిన పాత జిగురును సరిగా గీకలేదు. వారం తిరగకముందే మళ్లీ ఊడింది. మూడోసారి అతికించింది ఇప్పటికీ కదలలేదు. మూడుసార్లూ వాడింది ఒకే జత ట్యూబులు. మారినదల్లా జిగురు కలపడానికి ముందు నేను చేసిన పని, కలిపిన తర్వాత ఆగిన సమయం.

ఎపాక్సీ అంటే రెండు ట్యూబుల్లోని పదార్థాలను కలిపి వాడే జిగురు. త్వరగా గట్టిపడే ఎపాక్సీ పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘5 నిమిషాలు’ అని ఉంటుంది. అతుకు 5 నిమిషాల్లో గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది రెండు భాగాలూ కలిపిన క్షణం నుంచి జిగురు పూసి, ముక్కలను సరిచేసి నిలపడానికి మీకు దొరికే గడువు. ఆ తర్వాత అతుకును జాగ్రత్తగా ముట్టుకోగలిగే స్థితి రావడానికి 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పూర్తి బలం రావడానికి సాధారణంగా 24 గంటలు కావాలి. ఈ మూడు గడువులనూ ఒకదానితో ఒకటి కలిపేయకుండా ఉంటే మరమ్మతుల్లో వచ్చే నిరాశ చాలావరకు తప్పుతుంది.

ఈ జిగురు ఎలా పట్టుకుంటుంది

మనం రోజూ వాడే జిగుర్లలో చాలా రకాలు అందులోని నీరో ద్రావకమో ఆవిరైపోవడం వల్ల గట్టిపడతాయి. ఎపాక్సీలో అలా ఆరిపోయేది ఏమీ లేదు. ఒక ట్యూబులో రెజిన్ అనే చిక్కని పదార్థం, రెండో దానిలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఉంటాయి. రెజిన్ అణువు రెండు కొసల్లోనూ రెండు కర్బన పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిసిన చిన్న ముక్కోణపు వలయం ఉంటుంది. బలవంతంగా వంచి పట్టుకున్న బద్దలాగా ఆ వలయం ఎప్పుడు విప్పుకుందామా అని చూస్తుంటుంది. హార్డెనర్ అణువు దాన్ని తెరిచి అక్కడే ముడిపడిపోతుంది. ఇలా ముడి మీద ముడి పడి జిగురంతా చివరికి ఒకే వలగా మారుతుంది. అలా మారిన ఎపాక్సీని ఎంత వేడి చేసినా మెత్తబడవచ్చు, కాలిపోవచ్చు గానీ తిరిగి ద్రవం కాదు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పనిలో పాటించవలసిన నియమాలన్నీ ఇందులోంచే వస్తాయి. ఆరవలసింది లేదు కాబట్టి గాలి తగలని చోట, రెండు లోహపు రేకుల నడుమ కూడా గట్టిపడుతుంది. ఆవిరై పోయేది లేదు కాబట్టి పెద్దగా కుంచించుకుపోదు, సందులను నింపుతుంది. ప్రతి వలయానికీ ఒక జోడీ కావాలి కాబట్టి కొలత తప్పితే జోడీ దొరకని అణువులు అతుకులోనే మిగిలిపోయి దాన్ని మెత్తగానో పెళుసుగానో చేస్తాయి. హార్డెనర్ కాస్త ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందనే నమ్మకం చాలామందిలో ఉంది. కొన్ని ఇతర రకాల రెజిన్ల విషయంలో అది కొంత నిజం కావచ్చు, ఎపాక్సీ విషయంలో మాత్రం నష్టమే.

స్విట్జర్లాండ్‌కు చెందిన పియరీ కాస్టాన్ అనే రసాయన శాస్త్రవేత్త 1930ల్లో కట్టుడు పళ్లకు తగిన పదార్థం కోసం చేసిన పనిలోంచి ఈ రెజిన్ వచ్చింది. సీబా సంస్థ దాన్ని అందిపుచ్చుకుని 1946లో ‘అరాల్డైట్’ పేరుతో జిగురుగా పరిచయం చేసింది. త్వరగా గట్టిపడే రకంలో హార్డెనర్‌గా ఎక్కువగా మెర్కాప్టాన్ అనే గంధకపు సమ్మేళనాన్ని వాడతారు. రెండో ట్యూబు మూత తీయగానే వచ్చే ఘాటు వాసన దానిదే. ఆ వేగానికి బదులుగా కొంత వదులుకోవాలి. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీతో పోలిస్తే దీనికి వేడినీ, నిరంతరం తగిలే నీటినీ తట్టుకునే శక్తి తక్కువ.

దేనికి వాడాలి, దేనికి వాడకూడదు

పింగాణీ, రాయి, లోహం, చెక్క, గట్టి ప్లాస్టిక్కులు, ఇవన్నీ ఎపాక్సీకి బాగా లొంగుతాయి. ముక్కలు పూర్తిగా కలవని చోట, ఒక చిన్న పెచ్చు ఎగిరిపోయి సందు మిగిలిన చోట దీనికి సాటి వచ్చే జిగురు ఇంట్లో మరొకటి ఉండదు. ముక్కలు వెంట్రుకవాసి సందు కూడా లేకుండా అతికినట్టు కూర్చుంటే మాత్రం సూపర్ గ్లూ చాలు.

పాలిథీన్, పాలీప్రొపిలీన్, టెఫ్లాన్, సిలికోన్ వస్తువులకు ఎపాక్సీ పట్టదు. వస్తువు అడుగున ముక్కోణపు బాణాల మధ్య 2, 4 లేదా 5 అంకె కనిపిస్తే అది ఈ కోవలోని ప్లాస్టిక్. బకెట్లు, సీసా మూతలు, మడత పడే మూత ఉన్న డబ్బాలు ఎక్కువగా ఇవే. వాటి మీద ఎపాక్సీ గట్టిపడినట్టే ఉంటుంది, గోటితో లేపితే రేకులా ఊడి వస్తుంది. ఈ లక్షణమే మరోచోట మనకు ఉపయోగపడుతుంది, ఆ మాట తర్వాత చెబుతాను.

వంగే వస్తువులకూ ఇది తగదు. చెప్పుల అడుగులు, తోలు పట్టీలు, రబ్బరు గొట్టాలు కదులుతూ ఉంటాయి, గట్టిపడిన ఎపాక్సీ కదలదు. ఆ పోటీలో అతుకే విరుగుతుంది. ఇక పొయ్యి మీద పెట్టే పాత్రలు, మరిగే నీరు తగిలే వస్తువుల సంగతి. త్వరగా గట్టిపడే రకాలు చాలావరకు 60 డిగ్రీల సెల్సియస్ దాటకముందే మెత్తబడడం మొదలుపెడతాయి. ఆహారానికి సురక్షితమని తయారీదారు స్పష్టంగా రాయని ఎపాక్సీతో అతికించిన పాత్రలో తినడం, తాగడం కూడా వద్దు. నా కప్పులో కలాలు ఉన్నది అందుకే.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. ఊడితే మనిషికి దెబ్బ తగిలే చోట ఈ జిగురును నమ్ముకోవద్దు. నిచ్చెన మెట్లు, హెల్మెట్లు, బ్రేకు భాగాలు, పసిపిల్లల కుర్చీలు, గ్యాసు గొట్టాలు, కరెంటు ప్లగ్గులు వీటిలో ఏది విరిగినా మార్చాలి. అతుకు ఎంత అందంగా కుదిరినా లోపల ఎంత బలంగా ఉందో కంటికి కనిపించదు.

చేతికి అందేలా పెట్టుకోవలసినవి

రెండు ట్యూబులు లేదా జంట సిరంజి, నునుపైన అట్టముక్క లేదా పాత ప్లాస్టిక్ మూత, రెండు మూడు చెక్క పుల్లలు, 80 నుంచి 120 నంబరు గరుకు కాగితం, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని శుభ్రమైన గుడ్డ, మాస్కింగ్ టేపు, రబ్బరు బ్యాండ్లు, కొత్త బ్లేడు. చేతులకు నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) తొడుగులు. తొడుగుల విషయంలో అశ్రద్ధ వద్దు. గట్టిపడని ఎపాక్సీ పదే పదే చర్మానికి తగిలితే కొందరిలో అలర్జీ మొదలవుతుంది. ఒకసారి మొదలైతే ఆ తర్వాత ఏ కొంచెం తగిలినా దద్దుర్లు, దురద వస్తాయి, సాధారణంగా అది జీవితాంతం ఉండిపోతుంది. చర్మం మీద పడితే వెంటనే సబ్బు, నీళ్లతో కడగాలి. అసిటోన్‌తోనో స్పిరిట్‌తోనో తుడిస్తే అది జిగురును పల్చబరిచి చర్మంలోకి మరింత ఇంకేలా చేస్తుంది. గది కిటికీ తెరిచి ఉంచండి.

మొదటి మెట్టు: అతికే ముఖాన్ని సిద్ధం చేయడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ఊడిపోయిన అతుకుల్లో చాలావాటికి కారణం ఇక్కడే దొరుకుతుంది.

వరుస ముఖ్యం. ముందు జిడ్డు తీయాలి, తర్వాత గరుకు చేయాలి, చివర మళ్లీ తుడవాలి. జిడ్డు తీయకుండా రుద్దితే ఆ జిడ్డును గీతల్లోకి నూరినట్టవుతుంది. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి, ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒకే దిశలో తుడవండి. గుడ్డ మడత మార్చుతూ, మురికి అంటనంతవరకు తుడవాలి. లోహానికీ పింగాణీకీ అసిటోన్ కూడా పనిచేస్తుంది, కానీ ప్లాస్టిక్కుల దగ్గర దాన్ని దూరంగా ఉంచండి. ఏబీఎస్, పాలీస్టైరీన్, యాక్రిలిక్ వంటివి అసిటోన్ తగిలితే కరుగుతాయి లేదా పగుళ్లు బారతాయి.

తర్వాత గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. మెరుస్తున్న చోట జిగురు పైపైనే నిలుస్తుంది, మసకబారిన చోట సన్నని గీతల్లోకి దిగి పట్టుకుంటుంది. గీతలు అడ్డదిడ్డంగా ఉంటే ఇంకా మంచిది. అల్యూమినియాన్ని రుద్దిన తర్వాత రేపు చూద్దామని వదిలేయకండి. గాలి తగిలిన వెంటనే దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడడం మొదలవుతుంది, రుద్ది తుడిచిన వెంటనే జిగురు పెట్టాలి.

పింగాణీ విషయం వేరు. విరిగిన ముఖం సహజంగానే గరుకుగా ఉంటుంది, రెండు ముక్కల ఎత్తుపల్లాలు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. దాన్ని రుద్దితే ఆ పొందిక పోతుంది. అక్కడ శుభ్రం చేస్తే చాలు. ఇదివరకు అతికించిన జిగురు మిగిలి ఉంటే మాత్రం ఒక్క పొలుసు కూడా మిగలకుండా తీయాలి. గోరువెచ్చని నీటితో మొదలుపెట్టి క్రమంగా వేడి పెంచి నానబెడితే పాత ఎపాక్సీ మెత్తబడుతుంది, అప్పుడు బ్లేడు కొసతో గీకవచ్చు. ఒక్కసారిగా మరిగే నీటిలో వేస్తే పింగాణీ పగిలే ప్రమాదం ఉంది.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటి ఉంది. లోహం, గాజు, మెరుగు పూత ఉన్న పింగాణీ మీద ఒక నీటి చుక్క వేయండి. అది పల్చగా పరుచుకుంటే జిడ్డు పోయింది. తామరాకు మీది బిందువులా గుండ్రంగా నిలబడితే ఇంకా జిడ్డు ఉన్నట్టే, మళ్లీ తుడవాలి. పరీక్ష అయ్యాక పూర్తిగా ఆరనివ్వండి. పింగాణీ, చెక్క వంటివి నీటిని పీల్చుకుంటాయి కాబట్టి వాటికి రాత్రంతా సమయం ఇవ్వడం మేలు. ఇక ఆ ముఖాన్ని వేలితో తాకవద్దు, వేలి ముద్రలో ఉండే నూనె చాలు అతుకును పాడుచేయడానికి.

రెండో మెట్టు: జిగురు లేకుండా ఒకసారి మొత్తం చేసి చూడడం

ముక్కలను పొడిగా కలిపి చూడండి. ఎటు తిప్పితే కూర్చుంటున్నాయి, దేని మీద ఆనిస్తే జారకుండా ఉంటున్నాయి, టేపు ఎటు నుంచి ఎటు లాగాలి, ఇవన్నీ ఇప్పుడే తేల్చుకోవాలి. మూడు ముక్కలు ఉంటే ఏది ముందు ఏది వెనుక అన్నది కూడా. చివరి ముక్క దూరడానికి చోటు లేకుండా ముందు రెండూ అతికిపోయిన సందర్భాలు ఉంటాయి. అలాంటప్పుడు ఒక అతుకు ఈ రోజు, మరొకటి రేపు పెట్టుకోవడమే మంచిది.

వస్తువు బరువే దాన్ని అదిమేలా నిలపగలిగితే అంతకంటే మంచి పద్ధతి లేదు. కప్పు పిడికి నేను చేసింది అదే. ఒక గిన్నె నిండా పొడి ఇసుక పోసి, పిడి వైపు పైకి ఉండేలా కప్పును అందులో పడుకోబెట్టాను. పిడి దాని బరువుతో అదే నిలబడింది. ఇసుకలో వస్తువును ఏ కోణంలోనైనా వంచి పెట్టుకోవచ్చు. ఇసుక రేణువులు అతుకుకు తగలకుండా చూసుకుంటే చాలు.

అమరిక కుదిరాక అతుకు గీతకు రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించండి. పొంగి వచ్చే జిగురు దాని మీద పడుతుంది. టేపు ముక్కలు, రబ్బరు బ్యాండ్లు ముందే తెంచి బల్ల అంచున వరుసగా పెట్టుకోండి. జిగురు అంటిన తొడుగులతో టేపు చుట్టను విప్పడం ఎంత కష్టమో ఒకసారి చేసినవారికి తెలుసు.

మూడో మెట్టు: కొలవడం, కలపడం

చాలా ఇంటి వాడకపు రకాల్లో రెండు భాగాలూ ఘనపరిమాణంలో 1:1గా కలపాలి. అయినా మీ పెట్టె మీద ఏమి రాసి ఉందో చూసుకోండి. ట్యూబులైతే అట్టముక్క మీద పక్కపక్కనే ఒకే పొడవు, ఒకే మందంతో రెండు గీతలు గీయండి. కావలసింది బఠాణీ గింజంతే అయినా 2 సెంటీమీటర్ల గీతలు రెండు తీసుకోండి. అతి కొద్దిగా తీసుకుంటే కంటికి తెలియని చిన్న తేడా కూడా నిష్పత్తిలో పెద్ద తప్పవుతుంది. కొంత జిగురు వృథా అయినా ఫరవాలేదు, ఆ మిగులు తర్వాత మనకు పనికొస్తుంది.

జంట సిరంజిలో ఒక వైపు గాలి బుడగ ఉంటే మొదట ఆ వైపు జిగురు రాదు. అందుకే సిరంజిని నిలువుగా పట్టుకుని, రెండు రంధ్రాల నుంచి సమంగా వచ్చేదాకా మొదటి చుక్కలను పక్కన పారేయండి.

పూర్తి నిమిషం పాటు కలపాలి. 20 సెకన్లకే కలిసిపోయినట్టు కనిపిస్తుంది, నమ్మకండి. పుల్ల చదును వైపుతో పరుస్తూ, మళ్లీ దగ్గరకు చేర్చి మడతపెడుతూ కలపండి. అంచుల్లో, పుల్లకు అంటుకున్న దానిలో కలవని జిగురు దాగి ఉంటుంది, మధ్యలో రెండుసార్లు దాన్ని గీకి లోపలికి తోయండి. కవ్వంతో చిలికినట్టు గిరగిరా తిప్పితే గాలి బుడగలు చేరతాయి. చారలు పూర్తిగా మాయమై రంగు అంతటా ఒక్కటయ్యాక ఆపండి.

గట్టిపడేటప్పుడు ఎపాక్సీ వేడిని విడుదల చేస్తుంది. ఆ వేడి జిగురునే మరింత తొందరపెడుతుంది. కప్పులో ముద్దగా ఉంచితే వేడి బయటకు పోలేక మూడు నిమిషాల్లోనే గడ్డకట్టవచ్చు, ఎక్కువ మొత్తమైతే పొగ కూడా వస్తుంది. పల్చగా పరిస్తే ఆ వేడి అట్టలోకి, గాలిలోకి పోతుంది, గడువు కాస్త పెరుగుతుంది. గది వేడి కూడా లెక్కలోకి వస్తుంది. స్థూలంగా, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సమయం సగానికి తగ్గుతుంది. పెట్టె మీద రాసిన 5 నిమిషాలు దాదాపు 23 నుంచి 25 డిగ్రీల గదికి చెప్పిన మాట. 35 డిగ్రీల మధ్యాహ్నం పని పెట్టుకుంటే మీ చేతిలో ఉండేది రెండున్నర నిమిషాలే. అలాంటి రోజుల్లో నేను తెల్లవారుజామున ఈ పని చేస్తాను. చలి ఎక్కువైతే దీనికి వ్యతిరేకం, జిగురు చిక్కబడి కలవడానికే మొరాయిస్తుంది. ట్యూబులను మూత పెట్టి కాసేపు గోరువెచ్చని నీటిలో ఉంచి, పైతడి బాగా తుడిచి వాడండి.

నాలుగో మెట్టు: పూయడం, పట్టి ఉంచడం

రెండు ముఖాలకూ పల్చగా పూయండి, ఒక్కదానికే దట్టంగా పట్టించవద్దు. పుల్లతో కాస్త అదుముతూ రుద్దితే గరుకులోకి దిగుతుంది. ముక్కలు కలిపాక స్వల్పంగా అటూ ఇటూ కదిపి కూర్చోబెట్టండి. అంచు పొడవునా సన్నని పూసల్లాంటి బిందువులు పొంగితే జిగురు సరిపోయిందని అర్థం.

ఇక్కడ బలం చూపించాలన్న కోరిక పుడుతుంది. బిగించేకొద్దీ అతుకు బలపడుతుందనుకుని క్లాంపు (ముక్కలను బిగించి పట్టే సాధనం) మెలి తిప్పుతారు, జిగురంతా బయటికి వచ్చేసి లోపల ఏమీ మిగలదు. ఎపాక్సీకి నడుమ సన్నని పొర ఉండాలి. ముక్కలు జారకుండా పట్టి ఉంచేంత ఒత్తిడి చాలు.

కలిపిన జిగురును పుల్లతో ఎత్తితే తీగలు సాగుతోందంటే గడువు తీరిందని అర్థం. అప్పటికి ఇంకా పూయని చోటు మిగిలి ఉంటే దాన్ని వదిలేసి కొత్తగా కలుపుకోండి. ముదిరిన జిగురును బలవంతంగా పులిమితే అది ముఖాన్ని తడపదు, పైన కూర్చుంటుంది. స్పిరిట్ కలిపి పల్చన చేయడం అంతకంటే తప్పు. అలాగే ముక్కలు కలిపాక గడ్డకట్టే సమయంలో అమరిక సరిచేయాలనిపించినా చేయి వేయకండి. అప్పుడు కదిలిన అతుకు లోపల చీలుతుంది, ఆ చీలిక మళ్లీ కలవదు.

అయిదో మెట్టు: మిగులు జిగురును కోయడం

పొంగిన జిగురును తడిగా ఉండగా తుడిస్తే పులుముకుంటుంది, రాయిలా అయ్యాక తీయాలంటే రుద్ది రుద్ది వస్తువే గీతలు పడుతుంది. ఈ రెండింటి మధ్య ఒక దశ ఉంది. గది వేడిని బట్టి కలిపిన 10 నుంచి 20 నిమిషాలకు జిగురు గట్టి రబ్బరులా ఉంటుంది. గోరు నొక్కితే గుంట పడుతుంది, వేలికి అంటదు. ఆ దశలో కొత్త బ్లేడును దాదాపు పడుకోబెట్టి నడిపితే మిగులు జిగురు నాడాలా ఊడి వస్తుంది. ఆ దశ వచ్చిందో లేదో అతుకును ముట్టి చూడనక్కర్లేదు, అట్ట మీద మిగిలిన జిగురును చూడండి. మిగులు పారేయవద్దని చెప్పింది ఇందుకే. టేపును కూడా ఈ సమయంలోనే తీసేయాలి, ఆలస్యమైతే అది జిగురులో ఇరుక్కుపోతుంది. తర్వాత గట్టిపడిన భాగాన్ని రుద్దవలసి వస్తే ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఆరో మెట్టు ఒకటే మాట: 24 గంటలు ఆ వస్తువును వాడకండి. చలి రోజుల్లో ఇంకొక రోజు కలపండి.

మరికొన్ని పనులు

మర పట్టని చిల్లు. తలుపు కమ్మీ మరమేకు చెక్కలో వదులై ఊరికే తిరుగుతుంటే, చిల్లులోని పొట్టు దులిపి, సన్నని రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీని పుల్లతో లోపలికి నింపండి. మరమేకుకు పల్చగా మైనం పట్టించి చిల్లులోకి దించండి. మైనానికి ఎపాక్సీ అంటదు. మర్నాడు మరమేకును వెనక్కి తిప్పితే చెక్కలో దాని ఆకారంలో కొత్త మర సిద్ధంగా ఉంటుంది. మైనం మరిచిపోతే మరమేకు ఎప్పటికీ రాదు.

విరిగిన సన్నని కర్ర. కొసకు కొస అతికిస్తే వంచినప్పుడు ఊడుతుంది, ఎందుకంటే ఎపాక్సీ లాగుడును, జారుడును తట్టుకున్నంతగా ఒక అంచు నుంచి విప్పే బలాన్ని తట్టుకోలేదు. ముందు కొసలను అతికించి మర్నాడు ఆ చోట అటూ ఇటూ 3 సెంటీమీటర్ల మేర గరుకు చేసి, నూలు దారాన్ని వరుస తప్పకుండా బిగుతుగా చుట్టి, దారం అంతా తడిసేలా ఎపాక్సీ పట్టించండి. దారం లోపల చిక్కుకున్న జిగురు గట్టి తొడుగులా మారుతుంది. గొడుగు పిడి, బొమ్మ చెయ్యి, తోట పనిముట్టు పిడి వంటివి ఇలా నిలుస్తాయి. లావుపాటి ముక్కలైతే రెండు వైపులా చిన్న రంధ్రాలు చేసి లోపల ఒక తీగ ముక్కను మేకులా దింపి అతికించడం ఇంకా మంచిది.

అరిగిన ప్లాస్టిక్ నాబ్. ఇరుసు మీద ఊరికే తిరిగే నాబ్ లోపలి భాగాన్ని గరుకు చేసి, ఇరుసుకు పెట్రోలియం జెల్లీ పల్చగా రాసి, నాబ్‌లో కొద్దిగా ఎపాక్సీ వేసి ఇరుసు మీద నొక్కండి. రబ్బరు దశలో నాబ్‌ను లాగి బయటకు తీసి విడిగా పూర్తిగా గట్టిపడనివ్వండి. ఇరుసు ఆకారం అచ్చు గుద్దినట్టు పడుతుంది. కరెంటు పరికరమైతే ముందు ప్లగ్గు తీయడం మరవకండి.

సందు పెద్దదై జిగురు కారిపోతుంటే వెనుక వైపు పాలిథీన్ ముక్కను ఆనించి టేపుతో నిలపండి. పాలిథీన్‌కు ఎపాక్సీ పట్టదని పైన చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. గట్టిపడ్డాక పాలిథీన్ శుభ్రంగా ఊడి వస్తుంది, నునుపైన ముఖం మిగులుతుంది. పగులు కనిపించకూడదనుకుంటే కలిపిన జిగురులో పొడి రంగును చిటికెడు కలపవచ్చు. నీటిలో కలిపే పెయింటు మాత్రం వద్దు, అందులోని నీరు జిగురును చెడగొడుతుంది. పారదర్శకమైన ఎపాక్సీ ఎండ తగిలితే కాలక్రమంలో పసుపుబారుతుంది, కాబట్టి గాజు వస్తువుల మీద అతుకు కొన్నాళ్లకు కనిపిస్తుందని ముందే అనుకోండి.

మర్నాటికీ జిగటగా ఉంటే

ముందు అట్ట మీది మిగులును గోటితో నొక్కి చూడండి. అది రాయిలా ఉండి అతుకు మాత్రమే జిగటగా ఉంటే, మీరు పుల్ల అంచునో అట్ట అంచునో ఉన్న కలవని జిగురును పూసి ఉంటారు. రెండూ మెత్తగానే ఉంటే ఒకవేళ చలి కారణమేమో చూడండి. వెచ్చని గదిలో ఇంకొక రోజు ఉంచండి. అప్పటికీ మారకపోతే కొలత తప్పింది, లేదా కలపడం చాలలేదు. దాని మీద కొత్త జిగురు పూసి లాభం లేదు. మెత్తని జిగురంతా గీకి, ఆల్కహాల్‌తో తుడిచి మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి. గట్టిగానే ఉండి మొత్తం రేకులా ఊడివస్తే లోపం జిగురులో లేదు, అతికే ముఖం శుభ్రంగా లేదు లేదా అది ఎపాక్సీకి పట్టని ప్లాస్టిక్.

సరిగా కుదిరిన అతుకును ఎప్పుడైనా విప్పవలసి వస్తే వేడే దారి. హెయిర్ డ్రయర్‌తో మెల్లగా వేడి చేస్తూ ఉంటే జిగురు మెత్తబడుతుంది, అప్పుడు సన్నని బ్లేడుతో విడదీయవచ్చు.

ట్యూబులను దాచడం

మూతలు తారుమారు కాకూడదు. రెజిన్ మూతకు అంటిన కాస్త హార్డెనర్ చాలు, ట్యూబు మూతి బిగుసుకుపోతుంది. మూత పెట్టే ముందు రెండు మూతులనూ వేరువేరు గుడ్డ ముక్కలతో తుడవండి. జంట సిరంజి మూతకు ఒక పక్క గుర్తు ఉంటుంది, ప్రతిసారీ అదే దిశలో పెట్టాలి. పొడిగా, చల్లగా, పిల్లలకు అందని చోట ఉంచండి. బాగా చలి చోట నెలల తరబడి ఉంచిన రెజిన్ కొన్నిసార్లు గడ్డకట్టిన తేనెలా తెల్లగా, పలుకులు పలుకులుగా మారుతుంది. అది చెడిపోలేదు. ట్యూబును దాదాపు 50 డిగ్రీల నీటిలో ఉంచితే మళ్లీ తేటపడుతుంది. పూర్తిగా తేటపడి, గది వేడికి చల్లారిన తర్వాతే వాడండి.